స్టీరింగ్ బరువు

ఆత్రేయపురం,
9 జూన్ 2024.

అమ్మలూ ఆశా,

ప్రభువు నిన్ను చల్లగా చూడాలి. మేమిద్దరం బాగున్నాం. మీ అత్తయ్య ఈ ఏటి ఆవకాయ నీకోసం చిన్న జాడీలో విడిగా తీసిపెట్టింది. అటు వచ్చేవాళ్ళెవరూ దొరకక అది అటక మీదే ఉంది. ఫోన్ చేయకుండా ఉత్తరమేంటి మావయ్యా అని విసుక్కోకు. నువ్వు హాస్టల్లో చదువుకున్నప్పటి నుంచి మనకిదే అలవాటు. పైగా ఫోన్‌లో అడిగితే మీటింగులో ఉన్నానంటావు. కాగితం మీద అడిగితే కాగితం మీదే జవాబు చెప్పాలి.

నీతో పనిపడింది. మన కారుకి పవర్ స్టీరింగ్ పెట్టాలి.

కోయంబత్తూరు నుంచి ఇనపగొట్టాల చట్రం, ఫైబర్ తొడుగు పెట్టెల్లో దిగిన రోజు నువ్వూ ఉన్నావు కదా. ఐటిఐలో మెకానిక్ పాఠాలు చెప్పి రిటైరైన మర్నాడే మొదలుపెట్టాను. తుక్కు కొట్టులో దొరికిన ఇంజను వేసి, ఆరేళ్ళు ఒక్కో బోల్టూ బిగించుకుంటూ కట్టుకున్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. రోడ్డెక్కడానికి దానికి కాగితాల్లేవు కాబట్టి చంద్రరావు గారి మూతపడిన రైసుమిల్లులోనే ఉంటోంది. ఆయన దయవల్ల ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్ళమంతా మనదే. కళ్ళం దాటితే కొబ్బరితోటలోంచి ఏటిగట్టు దాకా ఆయన సొంత దారి ఉంది. అదే మన రోడ్డు.

ఇబ్బంది ఎక్కడంటే, ముందు టైర్లు బాగా వెడల్పు. కారు పరుగులో ఉంటే పర్వాలేదు. నెమ్మదిగా తిప్పాల్సి వచ్చినప్పుడు, ముఖ్యంగా కళ్ళం చివరి మలుపులో, చేతులు సరిపోవడం లేదు. రెండు చేతులా పట్టుకుని వేలాడినా స్టీరింగ్ చక్రం కదలదు. భుజం పట్టేస్తోంది. మర్నాడు అన్నం ముద్ద ఎత్తడం కూడా కష్టంగా ఉంటోంది.

నువ్వు హోసూరులో పొద్దస్తమానం స్టీరింగులు పరీక్షించేదానివి. ఏది పెట్టాలో, ఎలా పెట్టాలో రాయి. తొందరగా రాయి.

గోదాట్లోకి ఇంకా వరద ఎర్రనీరు దిగలేదు. ఎండ మాడ్చేస్తోంది.

నీ జవాబు కోసం పోస్టుమాన్‌ని వేధించబోయే
మావయ్య, ఏసుపాదం.


హోసూరు,
17 జూన్ 2024.

మావయ్యా, మీకూ అత్తయ్యకీ వందనాలు.

మీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది, వెంటనే భయమూ వేసింది. నవ్వు ఎందుకంటే, మొన్న క్రిస్మస్‌కి వచ్చినప్పుడు మీరేమన్నారు? "చక్రం బరువుగా ఉంటేనే నేల ఎలా ఉందో చేతికి తెలుస్తుందే. మీ కంపెనీ సరుకంతా బద్ధకస్తులకి" అని కేకు తింటున్నంతసేపూ నన్ను ఏడిపించారు. ఇంతలో ఏమైంది?

భయం ఎందుకో చివర్లో చెబుతాను. ముందు మీరడిగింది.

నూనెతో పనిచేసే హైడ్రాలిక్ పద్ధతి వద్దు. దానికి పంపు కావాలి, బెల్టు కావాలి, గొట్టాలు కావాలి. మీ ఇంజను పక్కన చెయ్యి దూర్చడానికే చోటు లేదు. కరెంటుతో పనిచేసేదే మీకు సరి. చక్రం నుంచి కిందికి దిగే కడ్డీని కాలమ్ అంటాం కదా, ఈ రకంలో మోటారు ఆ కాలమ్ మీదే ఉంటుంది. తుక్కుకి వెళ్ళిన చిన్న కార్ల నుంచి అది మొత్తంగా ఊడదీసి మీ డాష్‌బోర్డు కింద బిగించొచ్చు.

రెండు విషయాలు మాత్రం మర్చిపోకండి. ఒకటి, ఆ కాలమ్ లోపల సెన్సర్ ఉంటుంది. మనిషి చక్రాన్ని ఎటు, ఎంత బలంతో తిప్పాలనుకుంటున్నాడో అదే కనిపెట్టి మోటారుకి చెబుతుంది. దాని మూత ఎట్టి పరిస్థితిలోనూ తెరవకండి. రెండోది, కొత్త కాలమ్‌ని మీ చట్రానికి కలిపే షాఫ్ట్ పొడవు సరిపోకపోతే దాన్ని కోసి వెల్డింగ్ చేయకండి. వెల్డింగ్ ఊడితే చక్రం చేతిలో తిరుగుతుంది, కారు మాత్రం తిరగదు.

ఇప్పుడు భయం సంగతి. మీ చేతిరాత అచ్చు వేసినట్టుండేది. ఈసారి లైను మీదికి లైను ఎక్కింది. రెండుచోట్ల కలం కాగితం అంచు దాటిపోయినట్టుంది, మాట సగమే ఉంది. పైగా చేతులు సరిపోవడం లేదని మీరే రాశారు. మావయ్యా, చేతులు వణుకుతున్నాయా? డాక్టరుకెవరికైనా చూపించారా? నా దగ్గర దాచకండి.

మీ
ఆశాజ్యోతి.


ఆత్రేయపురం,
4 జూలై 2024.

ఆశా తల్లీ,

దొరికింది! రాజమండ్రిలో తుక్కు కార్ల షెడ్లన్నీ తిరిగి తిరిగి ఒక కాలమ్ పట్టుకొచ్చాను. మీ అత్తయ్యే బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. కండక్టరు "ఏంటండీ అది, తుపాకీలాగుంది?" అని అడిగాడు. ఆవిడ ఏమాత్రం తడుముకోకుండా "మా ఆయన కుట్టుమిషనండి" అంది.

నువ్వు తెరవొద్దన్నావు. తెరిచాను. తిట్టుకోకు. మూసి ఉన్న మూత చూస్తూ ఊరుకోవడం నాకు పుట్టుకతోనే రాలేదు.

ఆశా, లోపల ఏముందో నీకు రోజూ చూసే విషయం కాబట్టి వింతగా ఉండదేమో. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. పై షాఫ్ట్‌కీ కింది షాఫ్ట్‌కీ మధ్య చిటికెనవేలంత ఉక్కు కడ్డీ. అంతే! మనిషి చక్రం మీద చెయ్యి వేసి కాస్త బలం పెట్టగానే ఆ కడ్డీ మెలితిరుగుతుంది. ఎంత మెలిక? కంటికి కనపడనంత. ఆ కనపడని మెలికని చూసి, ఈ మనిషి ఎడమవైపు వెళ్ళాలనుకుంటున్నాడు, పాపం ఇంత కష్టపడుతున్నాడు అని పసిగట్టి మోటారు సాయం వస్తుందన్నమాట. అడక్కముందే! ఇన్నేళ్ళు పిల్లలకి గేరుబాక్సులు విప్పి చూపించాను. ఇనుము బరువు మోస్తుందని చెప్పాను, తిరుగుతుందని చెప్పాను, అరుగుతుందని చెప్పాను. మనిషి మనసు కనిపెడుతుందని ఎప్పుడూ చెప్పలేదు. ఆ కడ్డీని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మీ అత్తయ్య అన్నానికి పిలిచి పిలిచి వచ్చి, "మీరేమైనా ప్రార్థన చేసుకుంటున్నారా?" అంది. దాదాపు అదే అన్నాను.

మళ్ళీ జాగ్రత్తగానే బిగించాను. షాఫ్ట్ పొడవు చాలలేదు. మన లేతు షాపు కిరణ్ కుమార్ చేత కోయించి వెల్డింగ్ చేయించాను. అతని వెల్డింగ్ గురించి నీకు తెలియదు, పట్టాల మీద రైలు నడపొచ్చు. శనివారం బ్యాటరీ కలుపుతాను.

నదికి ఎర్రనీరు వచ్చేసింది. పులస చేపల కోసం జనం ఇప్పటి నుంచే రేవుల దగ్గర నిలబడుతున్నారు.

సంబరంలో ఉన్న నీ
మావయ్య.


హోసూరు,
12 జూలై 2024.

మావయ్యా,

వందనాలు. మీ ఉత్తరం ఇవాళే అందింది. శనివారం దాటిపోయింది కాబట్టి మీరు బ్యాటరీ కలిపేసే ఉంటారు. కలిపి ఉంటే వెంటనే ఊడదీయండి.

సెన్సర్ విప్పి బిగిస్తే దాని మధ్యబిందువు జరిగిపోతుంది. ఎవరూ తిప్పకపోయినా తిప్పుతున్నారని అది అనుకుంటుంది. షాఫ్ట్ గురించి మళ్ళీ చెప్పే ఓపిక నాకు లేదు. నేను వద్దన్న రెండు పనులూ చేసి, ఆనందంగా ఉత్తరం రాశారు.

నేనడిగిన ప్రశ్నకి మాత్రం జవాబు రాయలేదు. ఈసారి మీ లైన్లు ఇంకా గజిబిజిగా ఉన్నాయి. అత్తయ్యకి ఫోన్ చేసి మావయ్య చేతులెలా ఉన్నాయని అడిగాను. "ఆయన చేతులకేంటే, భేషుగ్గా ఉన్నాయి" అని నవ్వేసి వేరే మాటలోకి వెళ్ళిపోయింది. మీరిద్దరూ కలిసి దాస్తున్నారని అప్పుడే తెలిసిపోయింది.

మావయ్యా, కటువుగా ఉంటుందేమో కానీ చెబుతున్నాను. చేతులు సహకరించని రోజున కారు వదిలేయడంలో చిన్నతనమేమీ లేదు. పవర్ స్టీరింగ్ పెట్టినంత మాత్రాన వణికే చేతులు నిలకడ కావు. వణుకు కూడా నాలుగింతలవుతుంది. అందుకని చంద్రరావు గారికి ఫోన్ చేసి, కారు తాళంచెవి ఆయన దగ్గరే ఉంచుకోమని చెప్పాను. కోపం వస్తే నా మీద చూపించండి. ఆయన మీద వద్దు.

ఆశ.


ఆత్రేయపురం,
21 జూలై 2024.

ఆశాజ్యోతికి,

శనివారం బ్యాటరీ కలిపాను. నువ్వు చెప్పినట్టే జరిగింది. చక్రం తనంతట తానే గిర్రున తిరిగింది. ఆపబోతే చక్రం అడ్డపుల్ల నా కుడి బొటనవేలికి తగిలి ఎముక చిట్లింది. ఈ ఉత్తరం ఎడమచేత్తో రాస్తున్నాను. ఈసారి అక్షరాలు వంకరగా ఉన్నందుకు నీ దగ్గర మందు అడగను.

చంద్రరావు గారు నా ముఖం చూడలేక తల దించుకుని తాళంచెవి తీసుకెళ్ళారు. మీ అత్తయ్య ఆ సాయంత్రం మిల్లు నుంచి ఇంటిదాకా ఏడుస్తూ వచ్చింది. ఆవిడ ఎందుకు ఏడ్చిందో నీకు తెలియదు.

నా చేతులు వణకవు. వణికితే నీకు చెప్పుకోలేనంత పరాయిదానివి అనుకోలేదు. నువ్వే అలా అనుకున్నావు.

వేలు తగ్గాక నా తిప్పలు నేను పడతాను. నీకు పనులుంటాయి.

ఏసుపాదం.


హోసూరు,
30 జూలై 2024.

మావయ్యా,

మీరు ఉత్త పేరుతో సంతకం చేసిన మొదటి ఉత్తరం ఇది. "మావయ్య" అన్న మాట కోసం రెండువైపులా తిప్పి చూశాను.

చంద్రరావు గారికి చెప్పేముందు మీకు చెప్పాల్సింది. భయంలో అలా చేశాను. మీ వేలు సంగతి చదివాక నా భయం తప్పు కాదని కూడా అనిపిస్తోంది. ఈ రెండూ నిజమే, ఏం చేయమంటారు?

మీరు మానరని నాకు తెలుసు. అందుకే పార్శిల్ పంపుతున్నాను. ఎవరూ విప్పని కాలమ్ ఒకటి, పొడవు జరుపుకోగల షాఫ్ట్ ఒకటి. ఈ షాఫ్ట్ అతుకు లేనిది, ఇప్పుడున్న దానికి బదులు ఇదే వేయాలి. కారు నెమ్మదిగా వెళుతోందని కాలమ్‌ని నమ్మించే చిన్న పెట్టె కూడా ఉంది. అది లేకపోతే, మీ పాతదానిలా కాదు, మన కారులో ఈ కాలమ్ నిద్రలేవదు. వేలు మానేదాకా ఏదీ ముట్టుకోకండి.

ఒక్కటి మాత్రం బతిమాలుతున్నాను. అంతా పూర్తయ్యాక నడిపినా మీరొక్కరే నడపండి. అత్తయ్యని మాత్రం ఆ కారెక్కించకండి. ఆవిడ మీ మీద నమ్మకంతో ఎక్కడికైనా వచ్చేస్తుంది. కనీసం ఆవిడ కోసమైనా జాగ్రత్తగా ఉండండి.

మీరు పరాయిదాన్ని చేసినా పరాయిది కాని
మీ ఆశ.


ఆత్రేయపురం,
11 ఆగస్టు 2024.

అమ్మలూ,

పార్శిల్ అందింది. నీ ఉత్తరం మీ అత్తయ్యే చదివి వినిపించింది. "అత్తయ్యని మాత్రం ఆ కారెక్కించకండి" అన్న చోట ఆగిపోయింది. తర్వాత ఆవిడే, "ఇంక చెప్పేయండి. పిల్లని ఎందుకు క్షోభ పెట్టడం?" అంది.

చెబుతున్నాను విను.

పోయిన ఫిబ్రవరిలో కళ్ళం చివర కారు తిప్పుతుంటే ఎడంపక్క నుంచి కేక వినపడింది. బ్రేకు తొక్కి చూస్తే, కొబ్బరిమట్టలు ఏరుకునే సుబ్బాయమ్మ టైరుకి జానెడు దూరంలో కింద పడి ఉంది. దెబ్బేమీ తగల్లేదు. కానీ ఆశా, ఆవిడ అక్కడుందని నాకు తెలియనే తెలియదు. పట్టపగలు! ఆ వారమే కాకినాడ వెళ్ళి కళ్ళు చూపించుకున్నాం. గ్లకోమా అన్నారు. ఎదురుగా ఉన్న మనిషి మనిషిలాగే కనపడుతుంది. పక్కలు పోయాయి. అక్కడ చీకటి కూడా ఉండదు, అసలేమీ ఉండదు. గొట్టంలోంచి చూస్తున్నట్టే. నా లైన్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కడం, కాగితం అంచు తెలియకపోవడం అందుకే. "ఉన్న చూపు కాపాడుకుందామండి. పోయింది మాత్రం తిరిగి రాదు. ఇక బండి నడపకూడదు" అని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. చుక్కల మందు వేసుకుంటున్నాను.

ఇంటికి రాగానే కారు కొనేవాళ్ళెవరైనా ఉంటే చూడమని చంద్రరావు గారికి చెప్పబోయాను. మీ అత్తయ్య నా చేతిలోంచి ఫోన్ తీసేసుకుంది.

"ఎందుకండీ అమ్మడం?"

"నడిపేవాడు లేని కారు ఎందుకు, జ్ఞానం?"

"నడిపేవాడు లేకపోతే నడిపేది ఉంది కదా. నాకు నేర్పండి."

నవ్వాను. జ్ఞానం నవ్వలేదు. ఆవిడ ఏఎన్ఎం నర్సుగా చేసిన రోజులు నీకు లీలగా గుర్తుండొచ్చు. వర్షాకాలంలో మోపెడ్‌ని పడవలోకి ఎక్కించుకుని గోదావరి లంకల్లోకి వెళ్ళేది. బురదలో దాన్ని తోసుకుంటూ పోయి పురుడు పోసి, తెల్లారాక చీర కుచ్చిళ్ళ నిండా ఒండ్రుమట్టితో తిరిగొచ్చేది. ఆ మనిషి నేర్పమంటే నవ్వడమేంటి నేను!

సీటు మీద దిండు వేసుకుని కూర్చుంది. క్లచ్చు, గేర్లు వారంలో పట్టేసింది. చక్రం మాత్రం ఆవిడకి లొంగలేదు. మనిషి బక్కపలచన. కుడిభుజం పట్టేసి దండెం మీద బట్ట ఆరేయలేదు. కళ్ళం చివర రెండు చేతులా పట్టుకుని వేలాడేది. ఒకసారి మలుపు తిరగక కారు తిన్నగా ఊకపోగులోకి దూరింది. జుట్టు నిండా ఊకతో బయటికొచ్చి, "మెత్తగానే ఉందిలెండి" అంది. రాత్రి ఆ భుజానికి కాపడం పెడుతుంటే నా కళ్ళు ఇంకో రకంగా కూడా పనిచేయడం మానేశాయి.

ఆ చేతుల గురించే నీకు రాశాను. ఎవరి చేతులో రాయలేదు. "తిప్పగలిగాక ఆశకి చెబుదాం, అప్పటిదాకా వద్దు. నవ్వుతుంది" అని మాట తీసుకుంది. తాళంచెవి పోయిన రోజు ఆవిడ ఏడ్చింది అందుకే.

నువ్వు నా చేతులు చూసి కారు వదిలేయమన్నావు. నా కళ్ళు చూసి నేను ఎప్పుడో వదిలేశాను, అమ్మా. ఆవిడ చేతుల్ని ఎలా వదిలేయమంటావు?

కోపంలో ఉత్త పేరు పెట్టి సంతకం చేశాను. అది మర్చిపో.

నీ
మావయ్య.


హోసూరు,
19 ఆగస్టు 2024.

మావయ్యా, అత్తయ్యా,

ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. అత్తయ్యా, పైకి చదివేది నువ్వే కాబట్టి ఇక్కడ ఆగకుండా చదువు.

నేను ఎందుకు నవ్వుతాను? మీ ఉత్తరం చదవడం పూర్తయ్యాక ఆఫీసు మెట్ల మీద కూర్చుండిపోయాను. మా బాస్ వచ్చి ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అని అడిగారు. మా అత్తయ్య స్పోర్ట్స్ కారు నడపడం నేర్చుకుంటోందండి అన్నాను. ఆయన నన్నొకసారి, ఆకాశాన్నొకసారి చూసి, "సెలవు ఎప్పుడు కావాలి?" అన్నారు.

చంద్రరావు గారికి ఫోన్ చేశాను. తాళంచెవి రేపే మీ చేతికిస్తారు. అయినా బ్యాటరీ కలపొద్దు. ఈసారి ఆ పని నేనే వచ్చి చేస్తాను. మావయ్య వేలు మానాక, అక్టోబరులో వస్తాను. పాత కాలమ్ ఊడదీసి, బిగింపు పట్టీలు చేయించి ఉంచండి. కొలతలు వెనక పేజీలో పెద్దగా గీశాను, నల్ల ఇంకుతో.

అత్తయ్యా, నువ్వు దిండు మీద కూర్చుని, భుజం నొప్పి లేకుండా చెయ్యి ఎంత ముందుకి చాస్తే అక్కడికి చక్రం రావాలి. ఆ దూరం దారంతో కొలిచి మావయ్యకివ్వు. కారు నీకు సరిపోవాలి, నువ్వు కారుకి కాదు.

మావయ్యా, మీ కళ్ళ సంగతి మీరు రాసినంత తేలిగ్గా నేను చదవలేకపోయాను. చుక్కలు మాత్రం మానకండి.

ఆశ.


హోసూరు,
14 అక్టోబరు 2024.

ప్రియమైన మావయ్యా, అత్తయ్యా,

క్షేమంగా చేరాను. ఆవకాయ జాడీ కూడా చేరింది. రైల్లో ఎదుటి సీటావిడ వాసన పట్టేసి కొంచెం పెట్టించుకుంది.

మీ దగ్గరున్నప్పుడు పనిలో పడి చెప్పలేకపోయిన మాట ఒకటి ఉంది.

కాలమ్ బిగించి, లావుపాటి వైరు వేసి, ఫ్యూజు పెట్టాక, ఇంజను నడుస్తుండగా మధ్యలో కరెంటు ఆపి చూశాను గుర్తుందా? సాయం ఆగిపోగానే చక్రం బరువెక్కింది కానీ టైర్లు మాట విన్నాయి. నాకు కావాల్సిన పరీక్ష అదే. అది పాసయ్యాకే అత్తయ్యని కూర్చోమన్నాను. బయట కుండపోతగా వాన. కళ్ళం నిండా నీళ్ళు. కారు షెడ్డులోంచి కదిలే వీలే లేదు.

అత్తయ్య నిలబడి ఉన్న కారులో కూర్చుని, అలవాటుగా రెండు చేతులతో చక్రాన్ని గట్టిగా పట్టుకుని, పళ్ళు బిగించి, ఒంటి బరువంతా వేసి తిప్పబోయింది. చక్రం సులువుగా వచ్చేసరికి పక్కకి ఒరిగిపోయింది. చేతులు తీసేసి దాని వంక అలాగే చూసింది. తర్వాత కుడిచేత్తో, ఆ పట్టేసిన భుజంతోనే, మెల్లగా తిప్పింది. ఆ చివర నుంచి ఈ చివరకి. మళ్ళీ వెనక్కి. టైర్లు నేల మీద కిర్రుమంటున్నాయి. మీరు కిందికి వంగి టైరు మీద చెయ్యి వేసి, "తిరుగుతోందే! తిరుగుతోంది!" అంటున్నారు. ఆవిడ మాత్రం మళ్ళీ మళ్ళీ తిప్పుతూనే ఉంది.

నేను రోజూ స్టీరింగులు తిప్పిస్తాను మావయ్యా. మర తిప్పుతుంది, తెర మీద గీత వస్తుంది, ఆ గీత హద్దుల్లో ఉంటే ముద్ర వేస్తాను. గీతకి అటువైపు ఒక మనిషి భుజం ఉంటుందని ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎప్పుడూ ఆలోచించలేదు. ఇవాళ మర ముందు నిలబడి, ముద్ర వేసేముందు గీతని రెండోసారి చూశాను. ఆ కడ్డీని అరచేతిలో పెట్టుకుని కూర్చున్నానని మీరు రాస్తే, వద్దన్న పని చేశారని తిట్టాను. ఇప్పుడు ఒక కడ్డీ తెచ్చుకుని నా బల్ల మీద పెట్టుకున్నాను.

కళ్ళం ఆరాక నడపండి. ఆ చిన్న పెట్టె మీది, సాయం పెంచే మీటని సగం దాటనివ్వకండి, చక్రం మరీ తేలికైపోతే పరుగులో కారు అటూ ఇటూ ఊగుతుంది. ఏటిగట్టు మీదికి ఎక్కకండి. ఎలా ఉందో మొత్తం రాయండి, ఒక్క ముక్క మిగల్చకుండా.

మీ ఆశ.


ఆత్రేయపురం,
11 నవంబరు 2024.

అమ్మలూ ఆశా,

నిన్న నడిపింది. మొత్తం రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. మీ అత్తయ్య అట్టముక్కలో లైనుకొకటిగా సన్నటి గాళ్ళు కోసిచ్చింది. అది కాగితం మీద పెట్టుకుని లైను తర్వాత లైను రాస్తున్నాను.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక తిన్నగా మిల్లుకి వెళ్ళాం. గుడికి కట్టుకున్న తెల్లచీరతోనే ఎక్కేసింది. కొంగు బిగించి దోపుకుంది, దిండు సర్దుకుంది, కళ్ళు మూసుకుని ఒక్క నిమిషం ప్రార్థించింది. నేను పక్క సీట్లో కూర్చున్నాను. నేర్పేటప్పుడూ అదే సీట్లో కూర్చున్నాను కానీ, అప్పుడు ఆవిడ చేతుల మీద నుంచి చూపు తిప్పలేదు. అటువైపు నుంచి చూస్తే నా కారే నాకు కొత్తగా ఉంది.

కళ్ళం చివర ఆ మలుపు వచ్చింది. ఆవిడ రెండు వేళ్ళు వేసింది. కారు తిరిగింది. ఏమాత్రం ఊగకుండా, పడవ ఒడ్డుకి వచ్చినట్టు తిరిగింది. ఆవిడ బ్రేకు వేసి ఆపేసి నా వైపు తిరిగి, "ఇంతేనా?" అంది. కోపంగా అంది ఆశా! "ఇంతదానికా నేను ఇన్నాళ్ళు ఆ చక్రాన్ని పట్టుకుని వేలాడాను?" అంది. ఆ వెంటనే నవ్వడం మొదలుపెట్టింది. ఇద్దరం నవ్వుకుని నవ్వుకుని కళ్ళు తుడుచుకున్నాం.

తర్వాత తోటలోకి తీసుకెళ్ళింది. నాకు ఎదుటి దారి కనపడుతోంది, అంతే. అది గమనించి కాబోలు, తనే చెప్పడం మొదలుపెట్టింది. "ఎడంపక్క అరటిగెల నేలకి తగులుతోందండి. కుడిపక్క కాలవలో కొంగ ఉంది, మనల్ని చూసి కూడా లేవలేదు. లోవలక్ష్మి వాళ్ళ గేదె అడ్డంగా నిలబడింది, హారను కొట్టనా?" అని. పురిటి నొప్పులు పడే పిల్లలతో ఇదే గొంతుతో మాట్లాడేదని నాకు తెలుసు. పోయిన పక్కలు రెండూ ఆ గొంతులో నాకు తిరిగొస్తుంటే, వింటూ కూర్చున్నాను.

ఏటిగట్టు దగ్గర ఆపింది. మీదికి ఎక్కలేదు, నీ మాట జవదాటలేదు. కారు అక్కడే వదిలి గట్టెక్కి నిలబడ్డాం. నిండుగా ఉంది గోదావరి. ఎర్రదనం పోయి తేరుకుంది.

మిల్లుకి తిరిగొచ్చాక, "మీరు దిగండి. ఒక్కదాన్నే తిప్పి చూస్తాను" అంది. దిగాను. చంద్రరావు గారు మిల్లు అరుగు మీద కుర్చీలో ఉన్నారు. ఆ అరుగు ముందే నిలబడ్డాను. ఆవిడ గేరు వేసుకుని వెళ్ళిపోయింది. కళ్ళం పొడుగునా చప్పుడు దూరమైంది, చివర్లో తిరిగింది, మళ్ళీ దగ్గరైంది. ఎడమవైపు నుంచి కారు నా చూపులోకి వచ్చింది.

అప్పుడు తెలిసిందమ్మా. ఆరేళ్ళు కట్టాను. దాని ప్రతి గొట్టమూ నా చేతికి తెలుసు. కానీ నడుపుతూనో, నేర్పుతూనో ఎప్పుడూ నేను లోపలే ఉన్నాను. నా కారు వెళుతుంటే నేను ఒక్కసారి కూడా చూడలేదు. నేలకి అంత దగ్గరగా, ఎండ మీద పడి మెరుస్తూ, లోపల తెల్లచీర కట్టుకున్న మనిషి ఒంటిచేత్తో చక్రం పట్టుకుని, తల కాస్త ఎత్తి... అది అలా ఉంటుందని నాకు తెలియదు. ఎవరైనా చెప్పినా నమ్మేవాణ్ణి కాదు.

దాటిపోయింది. నాకున్న చూపు చిన్నది కదా, తొందరగానే దాటిపోయింది. మెడ తిప్పి వెతకలేదు. చప్పుడు వింటూ అక్కడే నిలబడ్డాను. మళ్ళీ ఎడమవైపు నుంచి వచ్చింది. ఈసారి ఆవిడ నన్ను చూసి చెయ్యి ఊపింది. ఏ చెయ్యి అనుకున్నావు? ఆ కుడిచెయ్యే, ఆ భుజం లేవనిచ్చినంత ఎత్తుకి. మళ్ళీ దాటిపోయింది.

నేను ఏడుస్తున్నానో ఏమో, చంద్రరావు గారు లేచొచ్చి భుజం మీద చెయ్యి వేశారు.

"ఏంటి మాస్టారూ, అలా అయిపోయారు? అమ్మగారిని ఆపమని చెప్పనా?" అన్నారు.

"వద్దండి," అన్నాను. "ఇంకోసారి రానివ్వండి."

నీ
మావయ్య.